డెబ్బై మూడు పుల్లలు

సిమిలిగుడ దాటాక ఎడంచేతి మలుపులో
ఒకప్పుడు కాఫీ గింజలు పోసిన రేకుల షెడ్డు.
ఇప్పుడది జపాను టీ మ్యూజియం.
చూస్తే ముప్ఫై, చేత్తో చేసుకు తాగితే నూట ఇరవై.
చిల్లర లేదని తిట్లు తినేది నేను.

అరకు చూశాక పొద్దు మిగిలినవాళ్ళు వస్తారు.
గాజుపెట్టెలో నల్లరాతి తిరగలి చూసి
"మా పెరట్లోనూ ఉండేదండీ,
మొన్న ఇల్లు కడుతూ పునాదిలో వేసేశాం" అంటారు.
గంటసేపు తిప్పితే చెంచాడు పచ్చపొడి రాలుతుందంటే
గంట ఎవరికుందని వాచీ చూసుకుంటారు.

టీ గది తలుపు మన నడుముకైనా రాదు.
ఎంతటివాడైనా చెప్పులు విప్పి, వంగి,
మోకాళ్ళ మీద పాకాలి.
జయపురం కాంట్రాక్టరొకాయన సగంలో ఇరుక్కున్నాడు.
ఇటు నేను నెట్టడం, అటు చిజురమ్మ లాగడం.
కాసేపు ఆయన
ఏ దేశంలోనూ లేడు.

లోపలికెళ్ళిన ప్రతివాళ్ళూ అడిగేది పంచదార.
కొందరు అల్లం.
పార్వతీపురం పెద్దావిడొకరు ఏమీ అడగలేదు,
కొంగున కట్టుకున్న బెల్లంముక్క విప్పి
ముందు కొరికి, ఆపైన తాగింది.
చిజురమ్మ నవ్వలేదు. చేతులు నేలకానించి తలవంచింది.
"మా వూర్లో కూడా ముందు తీపే" అంది.
ఆమె తెలుగు సంతలో నేర్చింది,
ఒడియాలో తడిసి దేశియాలో ఆరింది.

ఒక సంతరోజు
చేటలు అమ్ముకుని, సాలూరు బస్సు తప్పిపోయి,
వానకి తలదాచుకోవడానికి వచ్చింది మేదరి సన్యాసమ్మ.
టికెట్టు అడగబుద్ధి కాలేదు.
తిరగలి చూడలేదు, ఇనప కెటిలు చూడలేదు,
టీ చిలికే వెదురుగుత్తి ముందు ఆగిపోయింది.

"ఒకటే కణుపు. ఎక్కడా అతుకు నేదు.
పచ్చి గెడ కాదిది, ఏడాది ఎండినాక సీల్చినారు.
నోపలి కండ గోకీసి పెంకు ఉంచినారు.
ఈ నూలు సుట్టినోడికి ఆ పొద్దు పెళ్ళాంతోటి గొడవైనాది,
సూడు, ఇక్కడ ముడి బిగిసిపోనాది."

నాలుగేళ్ళుగా ఆ పెట్టె అద్దం తుడుస్తున్నాను నేను.

చిజురమ్మ అద్దం తీసి దాన్ని ఆమె చేతిలో పెట్టింది.
గోటికొసతో లెక్కపెట్టింది సన్యాసమ్మ.
ఎనభై.
టీ ఇస్తే ఒక్క గుక్క తాగి దించేసింది:
"తోటకూర ఉడికిన నీళ్ళు."

సందర్శకుల పుస్తకం అలవాటుగా ముందుకు తోశాను.
అందులో అంతా చాలా బాగుంది, పార్కింగు లేదు,
మరుగుదొడ్డి శుభ్రం.
తోశాక నాకే సిగ్గేసింది.
ఆమె పెన్ను ముట్టలేదు. కొలత తీసుకుంది,
బెత్తెడు పొడుగు, రెండువేళ్ళ పిడి,
కొంగు మీద రెండు ముడులు వేసుకుని వెళ్ళిపోయింది.

మూడు సంతలు గడిచాయి.
పాత లుంగీ గుడ్డలో చుట్టి తెచ్చింది.
డెబ్బై మూడు పుల్లలు.
"ఏడు ఇరిగిపోనాయి. మన ఎదురుకి కోపం ఎక్కువ."

వేడినీళ్ళలో నానబెట్టి చిజురమ్మ చిలికింది.
భుజం కదలదు, మణికట్టు ఒక్కటే ఊగుతుంది.
నురగ రాలేదు. కల్లుకుండ మీది బుడగలు వచ్చాయి.
మళ్ళీ చిలికింది. మళ్ళీ బుడగలే.
సన్యాసమ్మ చూసింది చూసింది,
"ఇలగ తే" అని లాక్కుంది,
రెండరచేతుల మధ్య కవ్వంలా తిప్పింది.
చాప మీద పచ్చచుక్కలు,
చిజురమ్మ కళ్ళద్దాల మీద, నా ఇస్త్రీ చొక్కా మీద,
తెరిచి ఉన్న సందర్శకుల పుస్తకం మీద.
గిన్నెలో మాత్రం సన్నటి నురగ
లేచింది, నిలిచింది.
ముగ్గురం తలలు తగిలేలా వంగి చూశాం.

"మూడొందలు" అంది సన్యాసమ్మ.
నేననుకున్నాను, ఇచ్చేస్తుందని, మొక్కి మరీ ఇస్తుందని.
చిజురమ్మ కళ్ళద్దాలు తుడుచుకుని
సంతలో నేర్చిన తెలుగంతా బయటికి తీసింది.
"ఏడు పుల్లలు తక్కువ. రెండొందల డెబ్బై."
"నురగ సూసినావు కదా?"
"నురగ నీ చెయ్యిది, గుత్తిది కాదు."
ఆఖరి బస్సు హారను కొట్టుకుంటూ పోయింది,
ఇద్దరిలో ఒక్కరూ తల తిప్పలేదు.

రెండొందల ఎనభై ఐదుకి తెగింది.
మూడు వందనోట్లు నాకిచ్చి
పదిహేను వెనక్కివ్వమన్నారు.
చిల్లర లేదన్నాను.
ఇద్దరూ కలిసి తిట్టారు.